వరుస తప్పిన పది దీపాలు

బావ గేటు వేసిన చప్పుడు విన్నాక గానీ చిన్నది సోల్డరింగ్ ఐరన్‌ను ప్లగ్గులో పెట్టలేదు. ఆయన ఉండగా పెడితే ఏదో అంటాడని కాదు, ఏమీ అనడు, అదే ఆమెకు బాధ. తలుపు దగ్గర నిలబడి, చెప్పులు సగం తొడుక్కుని, బల్ల మీద పరిచిన తీగలకేసి ఒక చూపు చూసి, పోనీలే పాపం ఆడుకోనీ అన్నట్టు తల ఊపుతాడు. ఇప్పుడూ అలాగే ఊపాడు. "గంటలో వచ్చేస్తాను. గది చూసి, సంతకం పెట్టి రావడమే కదా," అన్నాడు. అక్క పడుకున్న మంచానికి మూరెడు దూరంలో నిలబడి, ఏ బజారు పనో చెప్పినంత మామూలుగా అన్నాడు. నలభై ఏడేళ్లొచ్చినా, జుట్టు సగం తెల్లబడినా, ఇంట్లో అందరికీ ఆమె చిన్నదే. చిన్నదాని మాట చెల్లే ఇల్లు ఇంతవరకూ ఎక్కడా లేదు కాబట్టి ఆమె కూడా తల ఊపింది. సంతకం పెడితే రేపటి నుంచి అక్క ఊరి చివర ఆ సంరక్షణ కేంద్రంలో ఉంటుంది. గొట్టంలోంచి తిండి, పూటకోసారి పక్క మార్చడం, అంతే, ఇంకెవరూ ఏమీ నేర్పరు, ఎవరూ ఏమీ అడగరు. పెట్టకపోతే ఆస్పత్రివాళ్ల శిక్షణ వార్డు ఒకటుంది, అక్కడ నోరూ చెయ్యీ కదలనివాళ్లకు కంటి కదలికతో మాట్లాడ్డం నేర్పుతారట. కానీ అక్కడ చేర్చుకోవాలంటే కళ్లలో చూపు ఉండాలి, కదిలే వస్తువును కళ్లు వెంబడించాలి. "కళ్లు తెరిచే ఉంటాయండీ, చూపే లేదు," అన్నాడు పెద్ద డాక్టరు, "ఒక్కోసారి వెలుతురు వైపు పోయినా అది చూపు కాదు." తలలో రక్తం గడ్డకట్టి అక్క ఇలా పడిపోయిన రోజు నుంచీ ఆ మాట చిన్నదానికి మింగుడు పడలేదు.

ఐరన్ వేడెక్కేలోగా ఆమె అక్క ముఖం చూసింది. దిండ్ల మీద ఎత్తుగా, కిటికీ వైపు తిప్పి పడుకోబెట్టిన ముఖం. కళ్లు తెరిచే ఉన్నాయి, రెప్ప వాలుతోంది, లేస్తోంది, చూపు మాత్రం ఎక్కడా ఆగినట్టు లేదు. వాళ్లు పరీక్ష చేశారు, చెయ్యలేదని అనడానికి లేదు. టార్చిలైటు అటూ ఇటూ తిప్పారు, అద్దం చూపించారు, బావ ఫొటో చూపించారు, ఒక్కోటి అర నిమిషం, తర్వాత గోడ మీది గడియారం చూసుకున్నారు. అక్క ఎప్పుడైనా అడిగిన వెంటనే అడిగిన పని చేసిందా అసలు. పెళ్లిచూపులప్పుడు పేరేమిటమ్మా అని అడిగితే ముందు అడిగినావిడ పేరు కనుక్కుని గానీ చెప్పలేదు. బువ్వ తినమని అమ్మ పిలిస్తే చదువుతున్న పేజీ అయ్యేదాకా లేచేది కాదు. అలాంటి మనిషి ముందు తెల్లకోటు కుర్రవాడొకడు టార్చి ఊపి, ఊ చూడండీ అంటే చూస్తుందా, చస్తే చూడదు. ఇది బావతో చెప్పింది చిన్నది. ఆయన నవ్వాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, "చూడగలిగితే నన్నయినా చూసేది కదమ్మాయ్," అన్నాడు. ఆ రాత్రే అనుకుంది, మనిషి చెయ్యి అలిసిపోతుంది, మనిషి గడియారం చూసుకుంటాడు, అలిసిపోని దీపం కావాలి, ఎంతసేపైనా విసుక్కోకుండా ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తే దీపం కావాలి అని.

ఐరన్ మొనకు సోల్డర్ తీగ తాకించింది, అది కరిగి తళతళలాడే బొట్టయింది. చిన్న పొగ, రోజనం వాసన. ఈ వాసనంటే అక్కకు గిట్టదు. ఏళ్ల కిందట కుట్టుమిషను మోటారు పాడై, బాగుచేసేవాడు రేపు రేపంటూ తిప్పుతుంటే, చిన్నదే మూత విప్పి కూర్చుంది. కాలితో నొక్కే కొద్దీ మిషను ఎలా వేగం అందుకుంటుందో ఆ రోజు చూసింది, చూసి అలాగే ఉండిపోయింది, కుట్టాల్సిన కర్టెన్లు కుట్టకుండా సాయంత్రం దాకా. అప్పట్నుంచీ పట్టుకుంది ఈ పిచ్చి. పగలంతా ఎవరెవరి ఇళ్లకో వెళ్లి కిటికీల కొలతలు తీసుకోవడం, తెచ్చి కర్టెన్లు కుట్టడం, పొద్దు వాలాక దారం రీళ్ల పక్కనే ఐసీ చిప్పులు, ఎల్‌ఈడీ దీపాలు పరుచుకోవడం. మినుకుమినుకుమనే దీపం ఒకటి చేసి మొదట అక్కకే చూపించింది. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీంతో ఏం చేస్తావే?" అంది. ఏమీ చెయ్యను, వెలుగుతుంది, ఆరుతుంది అంది చిన్నది. "మా ఆయన పళ్లసెట్టు కూడా అంతే, ఉంటుంది, ఊడుతుంది, నేనెవరికైనా చూపించానా?" అంది అక్క. ఆ మాటకు ఇప్పుడు, ఈ గదిలో, ఐరన్ చేతిలో పట్టుకుని, చిన్నదానికి నవ్వొచ్చింది. నవ్వి మంచం వైపు చూసింది. నవ్వినప్పుడు అక్కకేసి చూడటం అలవాటు కదా, ఎవరైనా పక్కనున్నవాళ్ల కేసే చూస్తారు.

పని పెద్దదేం కాదు. చేతికి తెలిసిన పనులే. కర్టెన్ అడుగున బరువుకు వేసే చెక్కపట్టీ ఒకటి తెచ్చి, కిటికీ వెడల్పుకు కోసి, పది చోట్ల చిల్లులు వేసి, ఎర్ర ఎల్‌ఈడీలు పది గుచ్చింది పొద్దున్నే ఇంట్లో. ప్రతి దీపానికీ రెండు కాళ్లు, పొడుగు కాలు, పొట్టి కాలు. పొట్టి కాళ్లన్నిటినీ కలిపి ఒకే తీగకు అంటించి, ఆ తీగకు కరెంటును అదుపులో పెట్టే రెసిస్టర్ ఒకే ఒక్కటి పెట్టింది. పదింటికీ ఒకటి చాలు, ఎందుకంటే ఏ క్షణంలోనైనా వెలిగేది ఒక్కటే. ఇది మొదటిసారి తెలిసినప్పుడు ఆమెకు ఒళ్లు జలదరించింది. పది దీపాలు ఉంటాయి, వెలుగు ఒక్కటే ఉంటుంది, అదే ఒక్కోచోటా కాసేపు ఉండి వెళ్తుంటుంది. ఇక చిల్లుల బోర్డు మీద రెండు ఐసీలు. చిన్నదైన ఎనిమిది కాళ్లది టైమరు, దానికి తెలిసింది ఒక్కటే, కథ చెబుతుంటే ఊ కొట్టే మనిషిలా తాపీగా ఊ, ఊ అంటూ ఉండటం. పక్కనున్న కెపాసిటర్ నిండుతుంది, ఊ, ఖాళీ అవుతుంది, మళ్లీ నిండుతుంది, ఊ. పొడుగ్గా ఉన్న పదహారు కాళ్లది లెక్కపెట్టే ఐసీ, అటునుంచి ఊ అన్నప్పుడల్లా ఇటు వెలుగును ఒక అడుగు ముందుకు జరుపుతుంది, పదయ్యాక మళ్లీ మొదటికి. వేలిగోరంత ముక్క, పదిదాకా లెక్కపెట్టడం వచ్చు దానికి. పదిదాకా లెక్కపెట్టడానికి తనకు ఎన్ని మొట్టికాయలు పడ్డాయో, అవన్నీ వేసింది ఈ మంచం మీదున్న మనిషే. లెక్కపెట్టడం అంటే మనిషే చెయ్యాలనుకునే వయసు అది.

ఒక వింత ఉంది ఇందులో, ఆమె ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయిన వింత. ఈ పట్టీలో ఏదీ కదలదు. దీపాలు చెక్కలో దిగబడి ఉన్నాయి, ఐసీ సీసంతో అతుక్కుని ఉంది, తీగలు కదలవు. ఒకటి ఆరుతుంది, పక్కది వెలుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. అయినా చూసేవాళ్లకు ఏదో పరుగెత్తుతూ కనిపిస్తుంది, ఎర్రగా, చిన్నగా, ఒక జీవి. ఆ పరుగు చెక్కలో లేదు. చూసే మనిషిలో ఉంది. చూసే మనిషి లోపల ఎవరో కూర్చుని, ఇక్కడ ఆరిందీ అక్కడ వెలిగిందీ ఒకటేనని ముడివేసుకుంటున్నారు. అందుకే ఇది టార్చిలైటు లాంటిది కాదు అని బావకు చెప్పాలనుకుంది, అక్కకు ఆ పరుగు కనిపిస్తే అక్క ఉన్నట్టే బావా అని. చెప్పే మాటలు దొరకలేదు. కిటికీలు కొలిచే మనిషి, ఇంత మాట ఎక్కడినుంచి తెస్తుంది. అలాంటి మాటలు అక్క దగ్గర ఉండేవి, అక్క నోరు అలాంటిది, ఊరు ఊరంతా ఎరిగిన నోరు.

పెద్ద బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల వేళలు చెప్పే ఉద్యోగం అక్కది. ఆ గొంతు తెలియనివాళ్లు లేరు, ఆ ముఖం తెలిసినవాళ్లు నలుగురుండరు. కూరల కొట్లో అక్క ధర అడిగితే కొట్టువాడు వెంటనే సంచీ సర్దుకుని, ఏ బస్సు తప్పిపోయిందోనని బయటికి చూసేవాడు. బావ ఆ బస్టాండులోనే డ్రైవరు. ఆయన బస్సు పేరు పిలిచేటప్పుడు గొంతు ఒక్క పిసరు మెత్తబడేదని ఆయన అంటాడు, ఏం కాదు, జలుబు చేసిందప్పుడు అని అక్క అంటుంది. పొద్దున పోట్లాడుకున్న రోజున మాత్రం ఆయన బస్సును అందరికంటే ఆఖర్న పిలిచేది, ప్రయాణికులు ఆయన మీద విరుచుకుపడేవాళ్లు, ఆయన సాయంత్రానికి మల్లెపూలో మంచి మాటో పట్టుకుని ఇంటికొచ్చేవాడు. ఆ గొంతును రికార్డు చేసి పెట్టారు మధ్యలో ఎప్పుడో, అక్క సెలవు పెట్టిన రోజులకు పనికొస్తుందని. ఇవాళ పొద్దున చెక్కపట్టీ చంకలో పెట్టుకుని, సంచీలో ఐరనూ తీగలూ వేసుకుని, చిన్నది బస్టాండులో దిగేసరికి నెత్తిమీద నుంచి అక్క పలికింది. ప్రయాణికులు దయచేసి గమనించండి అంది. చిన్నది గమనించింది. కాళ్లు కదల్లేదు. జనం తోసుకుంటూ పోతున్నారు, మనిషి అన్నాక నిలబడటానికి ఇదా చోటు అని ఎవరో విసుక్కున్నారు, పైన అక్క తొణకకుండా బస్సు తర్వాత బస్సును పిలుస్తూనే ఉంది. అక్కడ గొంతుంది, మనిషి లేదు. ఇక్కడ మనిషి ఉంది, గొంతు లేదు. ఆ గొంతులో ఎవరూ లేకపోయినా అందరూ మాట విని బస్సులెక్కుతున్నారు, ఈ మనిషిలో ఎవరో ఉన్నారని అంటే మాత్రం ఒక్కరూ వినరు. ఇంత అన్యాయం ఎక్కడా ఉండదని ఆమెకు అక్కడే, నిలువునా, ఏడుపొచ్చింది.

చేతులు తమ పని తాము చేసుకుపోతున్నాయి. బోర్డు మీద తీగ కాలు దూర్చడం, వెనక్కి తిప్పడం, ఐరన్ తాకించడం, బొట్టు పెట్టడం, ఊదటం. ఐసీ తలమీద గాటు ఎటుందో చూసుకుంది, తిరగేసి పెడితే అది కాలిపోతుంది, ఆ తప్పు ఒకసారి చేసింది, రెండోసారి చెయ్యదు. గాటు పక్క నుంచి మొదలుపెట్టి, మొదటి కాలికి మొదటి దీపం, రెండో కాలికి రెండో దీపం, కుట్టు మీద కుట్టు వేసుకుంటూ పోయినట్టు పోయింది. మధ్యలో గ్రౌండు కాలు ఒక్కటి వదిలేసి మళ్లీ అందుకుంది, ఊ వినే కాలు, కరెంటు కాలు ఆఖర్న అతికింది. కుట్టేవాళ్ల చేతికి వరుస తప్పడం రాదు. అయిపోయాక లేచి, కిటికీ కర్టెన్ మూసింది. ఈ కర్టెన్ తను కుట్టిందే. అక్క గృహప్రవేశానికి కాదు, ఆ తర్వాత, ఎండ ముఖాన కొడుతోందే అని అక్క అడిగి, కొలత తప్పు చెప్పి, పొట్టిగా వస్తే తప్పు నీదేనని దబాయించినప్పటిది. కర్టెన్ కొక్కేలకే రెండు రిబ్బన్లు కట్టి చెక్కపట్టీని అక్క కళ్లకు ఎదురుగా అడ్డంగా వేలాడదీసింది, బోర్డును కిటికీ గట్టు మీద పెట్టింది. గది మసకబారింది. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేశారు, బావది కాదు. బ్యాటరీ చేతిలోకి తీసుకుంది. వెలక్కపోతే ఏమవుతుంది, వెలిగి అక్క చూడకపోతే ఏమవుతుంది, రెండోదే భయం. వెలిగించకుండా ఉంటే ఇంకాసేపు అక్క ఉన్నట్టే ఉంటుంది. ఈ ఆలోచన రాగానే తన మీద తనకే ఒళ్లు మండి బ్యాటరీ తగిలించేసింది.

వెలిగింది. మూడోది వెలిగింది. మొదటిది కాదు, మూడోది. అది ఆరి రెండోది, ఆ తర్వాత నాలుగోది, అక్కణ్ణుంచి ఒక్క గెంతు గెంతి ఏడోది, తొమ్మిదోది, ఇక చివరికి వెళ్తుందనుకుంటే అంత దూరం నుంచి ఒక్కసారి ఇవతల మొదటిదానికి వచ్చిపడింది, తర్వాత అయిదు, ఆరు, ఎనిమిది, పది, మళ్లీ మూడు. పరుగు లేదు. కాలుగాలిన పిల్లి ఇంట్లో తిరిగినట్టు ఎక్కడపడితే అక్కడ. చిన్నది చేతులు దించేసి చూస్తూ నిలబడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో మిషను ఎదురుగా గోడకు గుచ్చి పెట్టుకున్న బొమ్మ, ఆ బొమ్మలో ఈ ఐసీ కాళ్లు, కాళ్ల వరుస వేరు, లెక్క వరుస వేరు. మూడో కాలి దగ్గర మొదలవుతుంది దాని లెక్క, ఆ తర్వాత రెండో కాలు, ఎందుకలా అంటే చేసినవాళ్లకు లోపల అలా కుదిరింది అంతే. తెలుసు తనకు. చూసింది ఎన్నోసార్లు. కుట్టే చెయ్యి కాబట్టి వరుసగానే ఉంటాయని కుట్టుకుంటూ పోయింది. ఇప్పుడు పది తీగలూ ఊడదీసి మళ్లీ అతకాలి, సీసం పీల్చే పంపు ఇంట్లో ఉంది, గంటలో ఎంత పోయిందో తెలియదు, ఇలా గెంతే వెలుగును చూడమంటే ఆరోగ్యంగా ఉన్న మనిషే చూడలేడు. అక్క ఉంటే ఏమనేది, కొలత నేనే తప్పు చెప్పానులే అనేది. అనదు, ఎన్నడూ అనలేదు. చిన్నది బ్యాటరీ తీసేద్దామని చెయ్యి చాపింది, చాపుతూ, "తప్పు చేశానే అక్కా, కాసేపు ఆగు, సరిచేస్తాను," అని మంచం వైపు తిరిగింది.

అక్క తనకేసే చూస్తోంది. ఒక్క క్షణమే. కళ్లు తన మీద ఆగాయి, వెంటనే కళ్లు తన మీద నుంచి వెళ్లిపోయాయి, పట్టీ మధ్యకు, ఇంకా అవతలికి. ఎప్పటిలాగే తిరుగుతున్నాయనుకుంది, ఊరికే తిరిగే కళ్లు. మళ్లీ వచ్చాయి. తను నిలబడింది మొదటి దీపం పక్కన. అక్క కళ్లు వచ్చి ఆగింది తన మీద కాదు, తన చేతి పక్కన, చెక్కలో, వెలగని దీపం మీద. అప్పుడు అది వెలిగింది. అయిదు, ఆరు, కళ్లు అటు వెళ్లాయి. ఎనిమిది, పది. మూడు, రెండు, నాలుగు, ఏడు, తొమ్మిది దాకా వెళ్లి, తొమ్మిదోది ఇంకా వెలుగుతుండగానే కళ్లు దాన్ని వదిలేసి, పట్టీ పొడవునా ఇవతలికి వచ్చి, మొదటి దీపం మీద నిలిచాయి. తర్వాత దీపం వచ్చింది. దీపం వెనకాల కళ్లు కాదు, కళ్ల వెనకాల దీపం. చిన్నది గట్టు పట్టుకుంది. వెలిగినచోటికి కన్ను వెళ్లడం పురుగుకైనా వచ్చు, బావ అదే అంటాడు, డాక్టరూ అదే అంటాడు. వెలగబోయే చోటికి ఎవరు వెళ్తారు. ఈ అడ్డదిడ్డపు గెంతులన్నిటినీ ఎవరో లోపల కూర్చుని, ఒక చుట్టు, రెండు చుట్లు, ఓపిగ్గా చూసి, ఓహో ఇదా దీని తీరు అని పట్టేశారు. తను చేసిన తప్పును, తను ఇంకా సరిగ్గా వరుసపెట్టి చెప్పలేని తప్పును, అక్క కంఠతా పట్టింది. దీపం వరుసగా వెళ్లి ఉంటే ఇది తెలిసేది కాదు.

నమ్మకూడదు, ఇంకా నమ్మకూడదు. ఆమె పట్టీ అవతలి చివరకు, పదో దీపం పక్కకు వెళ్లి నిలబడింది, తన కోసం చూస్తుంటే తెలిసిపోతుందని. అక్క తనను పట్టించుకోలేదు. వేగం మార్చే మరను వేలితో కొద్దిగా తిప్పింది. ఊకీ ఊకీ మధ్య ఎడం పెరిగింది, ఒక్కో దీపం ఊపిరి పీల్చి వదిలేంత సేపు నిలుస్తోంది. తొమ్మిది. కళ్లు బయల్దేరాయి, మొదటి దీపం దగ్గరికి వెళ్లాయి, అక్కడ ఏమీ లేదు, చీకటి చెక్క. ఉన్నాయి అక్కడే. రెప్ప వాలలేదు. కళ్లల్లో వత్తులు వేసుకుని చూడటమంటే ఏమిటో, ఇన్నేళ్లూ ఆ మాట అంటూ ఉంది గానీ ఇవాళ చూసింది. ఇంకా వెలగలేదు, ఇంకా, అక్క కనుబొమ దగ్గర చర్మం అణువంత ముడిపడింది, ఏమే, ఆలస్యం చేస్తున్నావు అన్నట్టు. వెలిగింది. ఆ ముడి విడింది. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద విషయం ఏదైనా జరుగుతుందా అనిపించింది చిన్నదానికి. వేలిగోరంత ముక్క ఒకటి లెక్కపెడుతోంది, దానికి తాను లెక్కపెడుతున్నానని తెలియదు. దానికెదురుగా ఇంకొకరు లెక్కపెడుతున్నారు, తెలిసి, కావాలని, ఒక అడుగు ముందుగా. చెయ్యి లేదు, నోరు లేదు, రెండు కళ్లు తప్ప ఇంకేమీ మిగలని ఒంట్లో మనిషి నిండుగా ఉంది. వెళ్లి అక్క కాళ్ల మీద పడాలనిపించింది, గట్టిగా కేకేసి వీధిలోకి పరుగెత్తాలనిపించింది, రెండూ చెయ్యకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది, ఎక్కడ ఈ వరుస చెదిరిపోతుందోనని.

ఆ తర్వాత వచ్చింది అసలు భయం. ఉంది అంటే, ఇన్ని వారాలూ ఉంది. మంచానికి అటు బావ, ఇటు తను, మధ్యలో అక్క మీదుగా మాటలు అటూ ఇటూ దాటించుకున్నారు. కేంద్రంలో ఎన్నాళ్లు పెట్టుకుంటారట, తిండి గొట్టంలోంచే కదా ఇబ్బంది లేదు, పోయేదాకా అంతేనట. చీరలు ఎవరికైనా ఇచ్చేద్దాం బావా, పురుగు పడుతుంది అన్నది ఎవరు, తనే. ఆ నీలం చీర తనకిష్టమని పక్కన పెట్టుకున్నది కూడా తనే, ఈ గదిలోనే, ఈ కళ్ల ముందే మడత పెట్టింది. బదులు చెప్పకుండా అక్క ఒక్క పూట ఉన్న మనిషి కాదు, ఇన్ని మాటలు పడి, ఒక్కదానికీ బదులు చెప్పలేక, ఇలా దిండ్ల మీద. "అక్కా," అంది చిన్నది. ఇంతలో గేటు తీసిన చప్పుడు, స్టాండు వేసిన చప్పుడు, బావ చెప్పులు.

బావ గుమ్మం దగ్గర్నుంచే మొదలుపెట్టాడు, మూసిన కర్టెన్‌ను గానీ గదిలో ఎర్రగా గెంతుతున్న వెలుగును గానీ గమనించకుండా, చెప్పాల్సింది ముందే చెప్పేస్తే సగం బరువు దిగుతుందన్నట్టు. "గది బాగుందమ్మాయ్. రెండు కిటికీలు. గాలి బాగా వస్తుంది. మనుషులు కూడా మంచివాళ్లలాగే ఉన్నారు. రేపు పొద్దున్నే వ్యాను పంపిస్తామన్నారు."

చిన్నది వెళ్లి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్లలో బావను ఎప్పుడూ అలా పట్టుకోలేదు. లాక్కొచ్చి కిటికీ పక్కన నిలబెట్టింది.

"దీపాన్ని చూడకండి బావా. అక్క కళ్లు చూడండి."

"వెలుతురు కదమ్మాయ్, కళ్లు అటు పోతాయి. డాక్టరు చెప్పాడుగా."

"వెలిగినచోటికి కాదు. ఇదిగో, ఈ మొదటిది ఇంకా వెలగలేదు. చూస్తూ ఉండండి."

ఆయన చూశాడు. జీవితమంతా రోడ్డు మీద చూపు నిలిపిన మనిషి, చూడటం వచ్చు ఆయనకు. మొదటి చుట్టు అయింది. రెండో చుట్టులో అక్క కళ్లు తొమ్మిదోదాన్ని వదిలి, చీకటిగా ఉన్న మొదటిదాని దగ్గరికి వచ్చి, అక్కడ ఆగి, దాని కోసం కాచుకున్నప్పుడు, ఆయన ఒక చెయ్యి గాల్లోకి లేచి, దేన్నీ పట్టుకోకుండా అలాగే ఉండిపోయింది. మూడో చుట్టుకు ఆయన పెదాలు కదులుతున్నాయి, దీపాలు లెక్కపెడుతున్నాడు, తప్పుతున్నాడు, మళ్లీ మొదలుపెడుతున్నాడు.

"అంటే," అన్నాడు. "అంటే, మనం ఇక్కడ అనుకున్నవన్నీ..."

"విన్నది బావా."

ఆయన మంచం దగ్గరికి వెళ్లాడు. ఎప్పుడూ కాళ్లవైపున కూర్చునేవాడు, ఇవాళ తలవైపు నేల మీద కూలబడ్డాడు, ముఖం అక్క ముఖానికి ఎదురుగా వచ్చేలా. కిటికీకి అడ్డం వచ్చాడు, సగం దీపాలు ఆయన తల వెనక్కి పోయాయి. అక్క కళ్లు ఆయన చెవి పక్క నుంచి ఇంకో దీపం కోసం వెళ్లబోయి, ఆగి, వెనక్కి వచ్చి, ఆయన ముఖం మీద నిలిచాయి. ఏడుకు వెళ్లలేదు, తొమ్మిదికి వెళ్లలేదు. దీపం ఒక్కటే పట్టీ పొడవునా తన గెంతులు తాను గెంతుతోంది.

"ఆ గది ఏం బాగాలేదే," అన్నాడు బావ భార్యతో. "కిటికీ కూడా లేదు."